బాతుల వెంట జోనంగి: కుక్కకు ఆటతో పని నేర్పే తీరు



ఈ పూట వరి తెగుళ్ళ గురించి కాదు, ఎరువుల గురించీ కాదు. మీ అరుగు కింద ముడుచుకుని పడుకునే కుక్క గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. “వ్యవసాయం చెప్పవలసిన ఆఫీసరు గారికి కుక్కల గొడవ ఎందుకండీ?” అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని, సంగతి మాత్రం వినండి. బాతుల మందను మేపుకునేవారికి, చేపల చెరువు గట్టున రాత్రి కాపలా పడుకునేవారికి, పెరట్లో పది కోళ్ళు పెంచుకునే ఇల్లాలికి కుక్క ఒక పాలేరు వంటిది. జీతం అడగదు, సెలవు అడగదు. పని నేర్చినదైతే ఇద్దరు మనుషుల చాకిరీ తప్పిస్తుంది. నేర్వనిదైతే బాతును కొరుకుతుంది, కోడిని పడుతుంది, దారిన పోయే బడిపిల్లవాడి పిక్క పట్టుకుంటుంది.

మన డెల్టాలో సార్వా కోతలయ్యాక ఒకసారి, దాళ్వా కోతలయ్యాక ఒకసారి, ఖాళీ అయిన చేలల్లోకి బాతుల మందలు దిగడం మీరెరిగినదే. రాలిన గింజ, నత్త, పురుగు ఏరుకు తింటాయి. మేపేవారికి మేత ఖర్చు తగ్గుతుంది, చేను గలవారికి కాస్త ఎరువు దక్కుతుంది. వందల బాతులను ఇద్దరు మనుషులు గట్ల మీద నుంచి తోలుతూ ఉంటారు. పక్కవారి కోయని చేలో మంద పడితే తగువు. కాలవ దాటిపోతే పొద్దుపోయేదాకా వెతుకులాట. ఇక్కడ కుక్క అక్కరకు వస్తుంది. అయితే బాతు బహు పిరికిది. కుక్క ఒక్కసారి మీద పడి తరిమిందంటే మందంతా బెదిరి ఒకదాని మీద ఒకటి పడుతుంది. మర్నాడు గుడ్లు తగ్గుతాయి. ఒక్క బాతునూ చంపకుండానే కుక్క నష్టం తేగలదన్నమాట.

ఈ పనికి మన ప్రాంతంలోనే పుట్టిన కుక్క ఒకటి ఉంది. కాకినాడకు నైరుతిగా, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఉంది గదా. ఆ కొల్లేటి చుట్టుపక్కల పల్లెల్లోనూ, ఉభయ గోదావరులు, కృష్ణా, గుంటూరు తీరంలోనూ జోనంగి అనే జాతి కనబడుతుంది. జోనంగి జాగిలమంటారు, కొల్లేటి జాగిలమనీ అంటారు. నున్నని పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు, నిక్కిన చెవులు, సన్నని ఒళ్ళు. మామూలు కుక్కలాగా ఊరికే మొరగదు. గొంతు సాగదీసి ఒక రకమైన కూత పెడుతుంది. మెత్తని నేల దొరికితే గుంత తవ్వుకుని అందులో పడుకుంటుంది. ఇంట్లో ఒకరిని తన మనిషిగా ఎంచుకుని, వారి మాటే ఎక్కువగా వింటుంది. కొల్లేటి రైతులు దీన్ని బాతులు తోలడానికి వాడుకునేవారు. తరువాత బాతులు పోయి చేపల చెరువులు వచ్చాయి. బాతులు పోయాక దీనికి పని పోయింది. పని లేని కుక్క వీధిన పడింది. వీధి కుక్కలతో కలిసిపోయి అసలు జాతి తరిగిపోతూ వచ్చింది. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ మొట్టమొదటిసారిగా మన దేశపు కుక్క జాతులను నమోదు చేసింది. తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోల్ అందులో చేరాయి. ఆ మొదటి మూడింటిలో మన జోనంగి లేదు. దాన్ని చిత్తరువులో చూసుకుని గర్వపడితే నిలవదు. పని కల్పిస్తే నిలుస్తుంది. నేను చెప్పేది జోనంగిని మనసులో పెట్టుకుని చెబుతున్నాను గాని, మీ ఇంట్లో ఉన్నది ఊరకుక్క అయినా పద్ధతి ఒకటే.

ఇక పని నేర్పడం ఎలా? కరప వైపు బాతులు మేపే ఒక పెద్దాయన నాతో అన్నాడు: “ఏవండీ ఆఫీసరు గారూ, మా తాతల నాడు కుక్కలకి ఎవరు పాఠాలు చెప్పారండీ? కర్ర తీసి రెండు తగిలిస్తే అదే దారికొచ్చేసేదండి.”

“అవును బాబాయ్ గారూ, మరి మీరు భోజనానికెళ్ళినప్పుడో?” అని అడిగాను.

ఆయన కాసేపు గడ్డం గోక్కుని, “అప్పుడు మా తమ్ముణ్ణి కూర్చోబెట్టేవాణ్ణండి, కర్రిచ్చి,” అన్నాడు.

చూశారా, ఆ కుక్క నేర్చుకున్నది బాతును ముట్టకూడదని కాదు. ఈ మనిషి, ఈ కర్ర ఉన్నప్పుడు ముట్టకూడదని. దెబ్బలో ఉన్న లోపం అదే. దెబ్బ పడిన క్షణాన కుక్క దేన్ని చూస్తూ ఉంటే దాన్ని తప్పు పడుతుంది. మిమ్మల్ని చూస్తూ ఉంటే మిమ్మల్ని, పక్కనున్న మీ మనవణ్ణి చూస్తూ ఉంటే వాణ్ణి. తరువాత ఎప్పుడో ఆ పసివాడు చెయ్యెత్తితే కరుస్తుంది. “ఉన్నట్టుండి కరిచింది” అంటారు. ఉన్నట్టుండి కరిచే కుక్కలు తక్కువ. జోనంగి విషయంలో కర్ర మరీ చేటు. తన మనిషి అనుకున్నవాడే కొడితే దగ్గరకు రావడం మానేస్తుంది. దగ్గరకు రాని కుక్కకు ఎవరు మాత్రం ఏం నేర్పగలరు?

కుక్క ఎలా నేర్చుకుంటుందో పరిశీలించి చూసినవారు ఉన్నారు. రష్యా దేశంలో ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు జీర్ణక్రియ మీద పనిచేసి 1904లో నోబెల్ బహుమతి పొందాడు. కుక్క నోట లాలాజలం ఎంత ఊరుతుందో కొలుస్తూ ఉండగా ఆయనకు ఒక వింత కనిపించింది. మేత నోట పడక మునుపే, మేత తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే లాలాజలం ఊరుతోంది. ఇది మన ఇల్లాళ్ళకు కొత్త కాదు. సత్తు గిన్నె మోగితే వీధి చివరనున్న కుక్క పరుగెత్తుకు వస్తుంది. చప్పుడు దానికి ఒక మాట ఇచ్చినట్టు: “ఇప్పుడు నీకు మంచి జరగబోతోంది” అని. అమెరికాలో థార్న్‌డైక్ అనే ఆయన 1898లో పిల్లులను గడియ పెట్టిన పెట్టెల్లో ఉంచి చూశాడు. అవి గోకి, లాగి, ఎలాగో గడియ తీసుకుని బయటికొస్తే మేత. అలా కొన్నిసార్లు అయ్యాక, పెట్టెలో పెట్టగానే నేరుగా గడియ దగ్గరకే పోవడం మొదలుపెట్టాయి. ఏ పని చేస్తే సుఖం కలిగిందో ఆ పనినే జంతువు మళ్ళీ చేస్తుంది. ఇంత మాత్రమే సూత్రం. మిగిలినదంతా ఓపిక.

సుఖమంటే తిండి ఒక్కటే అనుకోకండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. పోలీసు జాగిలం పేలుడు మందు వాసన పట్టి కూర్చుంటుంది చూడండి, అది దేశం కోసం కూర్చోలేదు. వెంటనే దాని మనిషి జేబులోంచి బంతి తీస్తాడు, దాని కోసం కూర్చుంది. మీరట్‌లో సైన్యంవారి కుక్కల శిక్షణ కేంద్రం 1960 నుంచీ ఉంది. 2016లో ముధోల్ కుక్కపిల్లలను కూడా అక్కడికి తీసుకువెళ్ళి తర్ఫీదు ఇచ్చారు. ఇటువంటి చోట్ల మనిషి, కుక్క కలిసి ఆడుకునే ఆటలోంచే పని పుట్టిస్తారు. ఆట కుక్కకు జీతం. పైగా కడుపు నిండిన కుక్క తిండికి లొంగదు గాని ఆటకు లేస్తుంది.

మీ కుక్కకు ఏది ఇష్టమో ముందు మీరే కనిపెట్టాలి. ఒక సాయంత్రం చల్లపడ్డాక ఒక పక్క చిన్న ఉడికిన గుడ్డు ముక్క, ఒక పక్క పాత పంచె పీలికలతో అల్లిన తాడు, ఒక పక్క బంతి పెట్టి చూడండి. దేనికి ముందు పోతుందో, దేన్ని వదలకుండా పట్టుకుంటుందో గమనించండి. కొన్నిటికి తాడు లాగడమంటే ప్రాణం. కొన్నిటికి వెంటబడి పరుగెత్తడం. కొన్నిటికి మీ చెయ్యి తల మీద పడితే చాలు. ఇష్టమైనదాన్ని రోజంతా దాని ముందు పడేసి ఉంచవద్దు. చూరులో దోపి ఉంచి, నేర్పే వేళకే తీయండి. నిత్యం దొరికే వస్తువు మీద కుక్కకైనా మోజు పోతుంది.

తిండి ముక్క ఇచ్చేటట్లయితే చిక్కుడు గింజంత చాలు. ఉప్పు చేప, మసాలా కూర, ఉల్లిపాయ పెట్టకండి. ఉల్లిపాయ కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది. ఉడికిన కోడి ఎముక విరిగితే సూదిలా గొంతులో గుచ్చుకుంటుంది. బంతి మరీ చిన్నదైతే గొంతుకు అడ్డం పడుతుంది. నోట పట్టాలి గాని మింగుడు పడకూడదు.

తరువాత ఒక మెప్పు మాట కావాలి. “సెబాస్” అనండి, లేదా ఎడ్లను అదిలించేటప్పుడు చేస్తామే, ఆ విధంగా నాలుకతో టక్కుమని చప్పుడు చేయండి. ఏదైనా ఒకటే, ఎప్పుడూ అదే. రెండు మూడు రోజుల పాటు ఏ పనీ చెప్పకుండా, “సెబాస్” అని, వెంటనే ముక్క ఇవ్వడమో తాడు అందించడమో చేస్తూ ఉండండి. పావ్లోవ్ కుక్కకు అడుగుల చప్పుడు ఎటువంటిదో, మీ కుక్కకు ఆ మాట అటువంటిదవుతుంది. దీని ఉపయోగం ఏమిటంటే, కుక్క యాభై గజాల దూరాన మంచి పని చేసినప్పుడు మీరు పరుగెత్తుకెళ్ళి బహుమానం ఇవ్వలేరు. మాట మాత్రం ఆ క్షణానే చేరుతుంది. ఆలస్యమైతే లాభం లేదు. కుక్క కూర్చున్నప్పుడు మెచ్చుకోబోయి, లేచాక మెచ్చుకుంటే, లేవడమే నేర్పినట్టు.

ఇంత చెప్పి, ఆటల దగ్గరకు వస్తాను. మొదటిది దాగుడుమూతలు. పిల్లకుక్క ఏమరుపాటుగా ఉన్నప్పుడు మీరు గడ్డివాము వెనక్కి తప్పుకుని ఒక్కసారి పేరు పెట్టి “రా” అని పిలవండి. వెతుక్కుంటూ వస్తుంది. రాగానే “సెబాస్”, తాడు, గంతులు, నానా హంగామా చేయండి. ఊళ్ళోవాళ్ళు నవ్వినా సరే. “రా” అన్న మాటకు ఎప్పుడూ మంచే జరగాలి. పిలిచి, వచ్చాక కట్టేయడం, పిలిచి మందు పట్టడం, పిలిచి తిట్టడం చేశారంటే ఆ మాట చెడిపోతుంది. కట్టేయవలసి వస్తే మీరే దాని దగ్గరకు వెళ్ళండి.

రెండోది తాడు లాగుడు. ఒక కొస మీ చేతిలో, ఒక కొస దాని నోట. కాసేపు లాగనిచ్చి, మీ చెయ్యి కదలకుండా బిగించి ఆపేయండి. కదలని తాడులో ఆట లేదు. విసుగుతో వదిలేస్తుంది. వదిలిన క్షణాన “సెబాస్” అని మళ్ళీ అందించండి. నాలుగు రోజులకు “వదులు” అనగానే వదిలేస్తుంది, ఎందుకంటే వదిలితేనే ఆట మళ్ళీ మొదలవుతుందని దానికి తెలిసిపోయింది. తాడు ఆటలో కుక్కను గెలవనిస్తే నెత్తికెక్కుతుందని ఒక నమ్మకం ఉంది. 2002లో ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు గోల్డెన్ రిట్రీవర్ కుక్కలతో దీన్ని పరీక్షించి చూశారు. గెలిచిన కుక్కలు యజమాని మీద పెత్తనం చేయలేదు. అందుచేత అప్పుడప్పుడు గెలవనివ్వండి. ఎప్పుడూ ఓడేవాడు ఎన్నాళ్ళు ఆడతాడు? పన్ను మీ చేతికి తగిలితే మాత్రం ఆట అక్కడితో సరి, తాడు చూరులోకి. చిన్నపిల్లలను ఒంటరిగా ఈ ఆట ఆడనివ్వకండి.

మూడోది బాతుల కుక్కకు ముఖ్యమైనది. నాలుగైదు అడుగుల వెదురు కర్రకు అంతే పొడుగు తాడు కట్టి, కొసన గుడ్డ పీలిక ముడివేయండి. ఆ పీలికను నేల మీద గిరగిరా తిప్పుతూ ఉంటే కుక్క వెంటపడుతుంది. ఉండుండి పీలికను పైకెత్తేసి “ఆగు” అనండి. కుక్క నిలబడ్డదా, “సెబాస్”. మళ్ళీ పీలిక నేల మీదికి, మళ్ళీ పరుగు. మొదట్లో రెప్పపాటు నిలబడినా చాలు. తరువాత రెండు, మూడు, పది లెక్కపెట్టేంతవరకు. పరుగు మంచి ఊపులో ఉన్నప్పుడు ఆగడం నేర్చుకోవడమన్నది కుక్కకు చాలా పెద్ద పని. కూర్చుని ఉన్న కుక్కను “ఆగు” అనడం ఎవరికైనా చేతనవును. చేలో బాతు వెనక పరుగెత్తే కుక్కను ఆపగలగాలి. దాన్ని ఈ పీలికతో పెరట్లోనే నేర్పుకోవాలి. లేత పిల్లలను ఎక్కువగా గెంతించకండి, కీళ్ళు దెబ్బతింటాయి. పీలికను నేల మీదనే ఆడించండి.

ఏ ఆటైనా మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. కుక్క ఇంకా కావాలంటూ ఉండగానే ఆపేయండి. అలసి పడుకునేదాకా ఆడిస్తే రేపు లేవదు. ఇది నాలుగిళ్ళలో చెప్పి చూశాను, అందరూ ఒప్పుకుంటారు, ఒక్కరూ పాటించరు. కుక్క ఉత్సాహంగా ఉన్నప్పుడు మనకూ ఆపబుద్ధి కాదు మరి.

ఇప్పుడు బాతుల దగ్గరకు పోదాం. బ్రిటన్‌లో గొర్రెల కాపరులు కుక్కలను తర్ఫీదు చేయడంలో దిట్టలు. 1873లోనే వేల్స్‌లోని బాలా అనే ఊళ్ళో గొర్రెల కుక్కలకు పోటీలు పెట్టారు. అక్కడ లేత కుక్కకు మొదటి పాఠాలు బాతులతో చెప్పేవారు కొందరు ఉన్నారు. బాతులు గుంపుగా నడుస్తాయి, గొర్రెల్లాగా పొడవవు. ఆ పనికి వాడే బాతుల్లో ఇండియన్ రన్నర్ అనేది ఒకటి. పేరులో మన దేశం ఉంది గాని, ఆ జాతి ఇండోనేషియా దీవులది. ఆ కాపరుల కిటుకు ఏమిటంటే, వారు ముక్క పెట్టరు, బంతి వేయరు. మంద కదలడమే కుక్కకు ఆనందం. సరిగ్గా చేస్తే మంద వెంట పోనిస్తారు. తప్పు చేస్తే పనిలోంచి తప్పిస్తారు. పనే ఆట, ఆటే జీతం.

వెంటపడే గుణం కుక్క రక్తంలో ఉంది. దాన్ని తీసేయడం మన వల్ల కాదు. అమెరికాలో బ్రెలాండ్ దంపతులు ఎన్నో జంతువులకు విద్యలు నేర్పారు. వారు 1961లో రాసిన ఒక సంగతి చిత్రంగా ఉంటుంది. పందికి నాణెం తెచ్చి డబ్బాలో వేయడం నేర్పారు. కొన్నాళ్ళు బుద్ధిగా వేసింది. తరువాత నాణేన్ని దారిలో పడేసి మూతితో నేలను కుమ్మడం మొదలుపెట్టింది, తన జాతి బుద్ధి ప్రకారం. మేత ఆలస్యమవుతున్నా సరే. అందుచేత కుక్క చేత తరమడం మాన్పించాలని చూడకండి. ఎప్పుడు తరమాలో, ఎంత దూరాన ఉండి తరమాలో, ఎప్పుడు ఆగాలో నేర్పండి.

ఎనిమిది వారాల పిల్లను తెచ్చుకున్నారనుకోండి, మొదటి నెలలోనే బాతులను కళ్ళారా చూడనివ్వాలి. వల కంచెకు ఇవతల, మీ ఒడిలో కూర్చుని. మూడు వారాల వయసు నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాల దాకా పిల్లకుక్క మనసు పచ్చిమట్టి వంటిది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కలను పెంచి చూసి, 1965లో ప్రకటించిన గ్రంథంలో ఈ విషయం వివరించారు. ఆ రోజుల్లో చూసిన బాతు, సైకిలు, మోటారు, ముసలమ్మ, పసివాడు దానికి ఇంటివాళ్ళు. చూడనివన్నీ తరువాత వింతలు, భయాలు.

“రా”, “వదులు”, “ఆగు” మూడూ పెరట్లో తప్పకుండా వింటున్నప్పుడు, ఆరేడు నెలలు దాటాక, మంద దగ్గరకు తీసుకువెళ్ళండి. ఉదయం తొమ్మిది దాటాక వెళ్ళండి. బాతులు చాలావరకు ఆ లోపునే గుడ్లు పెట్టేస్తాయి. గుడ్లు పెట్టే మందను మొత్తం తీసుకోవద్దు. ఎదిగిన, నిబ్బరమైన బాతులు పది పన్నెండింటిని చిన్న వల కంచెలో విడిచి పెట్టండి. కుక్క మెడకు పది గజాల మెత్తని తాడు. కంచె బయట నిలబడి, కుక్క బాతుల వంక చూసి మళ్ళీ మీ వంక చూసిన క్షణాన “సెబాస్” అని రెండడుగులు ముందుకు నడవండి. మీ వంక చూడక గుంజుతూ ఉంటే నిలబడిపోండి. నిబ్బరంగా ఉంటే దగ్గరవుతాం, గుంజితే ఆగిపోతాం. మొదటి రోజుల్లో ఇంతే పాఠం. కొందరికి ఇదే వారం పడుతుంది. పట్టనివ్వండి.

తరువాత కంచె లోపలికి. బాతులు మీకూ కుక్కకూ నడుమ ఉండేటట్టు చూసుకోండి. కుక్క ఒకడుగు వేస్తే బాతులు మీ వైపు కదులుతాయి. అప్పుడు “ఆగు”. ఆగితే “సెబాస్”, మళ్ళీ ఒకడుగు వేయనివ్వండి. బాతులు నడవాలి, పరుగెత్తకూడదు. రెక్కలు కొట్టాయంటే కుక్క మరీ దగ్గరైనట్టు. కుక్క దూకి పట్టబోయిందా, కేకలు వేయకండి. మీ కేక దానికి హుషారు కేకలాగా వినిపిస్తుంది. తాడుతో ఆపి, మాట్లాడకుండా బయటికి తీసుకుపోయి, గుంజకు కట్టి, రెండు మూడు నిమిషాలు ఊరుకోండి. కళ్ళెదుట బాతులు తిరుగుతూ ఉండగా తాను ఊరికే కూర్చోవడం కన్నా దానికి శిక్ష లేదు. మళ్ళీ లోపలికి తీసుకురండి. కొన్నిచోట్ల చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి తిప్పుతారు. దుర్వాసన తప్ప దానివల్ల ఒరిగేది లేదు. నిన్న పట్టిన కోడికీ ఇవాళ మెడలో వేలాడేదానికీ సంబంధం కుక్క పోల్చుకోలేదు.

ఇంత చేసినా పట్టే కుక్క పడుతూనే ఉంటుంది. అటువంటిది మందకు పనికిరాదు. రక్తం రుచి చూసిందని దాన్ని కొట్టి తరిమేయవలసిన పని లేదు, వేరే పని ఉంది. గట్టు కాపలాకు పెట్టండి. కొత్త మనిషి వచ్చినప్పుడు కూత పెట్టగానే “సెబాస్” అని మీరు లేచి వచ్చి చూసి, ఆపైన “చాలు” అని, ఆపగానే తాడు ఆట. కూయడమూ నేర్చుకుంటుంది, ఊరుకోవడమూ నేర్చుకుంటుంది. రాత్రంతా ఊరికే అరిచే కుక్క ఉన్నా లేనట్టే. నాలుగో రోజుకు ఎవరూ లేవరు.

చెరువుల దగ్గర రెండు జాగ్రత్తలు ఉన్నాయి. రొయ్యల చెరువుల్లోకి కుక్కను దిగనివ్వకండి. ఒక చెరువు నీటిలో తడిసి ఇంకో చెరువులో దిగితే తెల్లమచ్చ వైరస్‌ను మోసుకుపోవచ్చు. గట్టు బయట, కంచెకు ఇవతల దాని చోటు. రెండోది, తాళ్ళరేవు వైపు కోరింగ మడ అడవుల అంచున చెరువులున్నవారికి. ఆ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి ఉంది, నీటికుక్కలున్నాయి. అవి రాత్రిపూట చెరువుకు వస్తే మీకు కోపం రావడం సహజమే. అయితే వాటిని చంపడం, వాటి మీదికి కుక్కను ఉసికొల్పడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కుక్క కూసి మిమ్మల్ని లేపితే చాలు, దీపం వేసి చప్పుడు చేస్తే అవి పోతాయి. “ఆగు” నేర్చిన కుక్క ఇక్కడ కూడా మిమ్మల్ని కాపాడుతుంది.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఈ ఆటలు పల్లెలో చూపించబోయే ముందు ఆ కుక్కలకు టీకా వేసి ఉందో లేదో కనుక్కోండి. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా, పశువైద్యుడు చెప్పిన ప్రకారం మరో మోతాదు, ఆపైన ఏటేటా. 1885 జూలై 6న పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఈ వ్యాధికి టీకా వేశాడు. ఆ గుర్తుగా ఏటా జూలై 6న చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. ఆటలోనైనా సరే, పన్ను దిగితే గాయాన్ని సబ్బు పెట్టి ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. కారం, సున్నం, ఆకు పసర్లు పెట్టకూడదు. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్క మనదేనని, పెంచినదేనని అశ్రద్ధ చేయకండి.

దాళ్వా కోతల వేళకు మన ఎండలు ముదురుతాయి. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని చల్లదనం. గడ్డి కాల్చిన మడిలోనూ, నల్లతారు రోడ్డు మీదా అరిపాదాలు కాలతాయి. మీ అరచెయ్యి వెనక భాగం నేలకు ఆనించి చూడండి. ఐదు లెక్కపెట్టేలోపు తీసేయవలసి వస్తే కుక్కనూ నడిపించకండి. ఎండలో పని చెబితే, ఆట మీద మోజుతో అది ఆగకుండా పరుగెత్తి పడిపోతుంది. ఎండాకాలంలో పొద్దెక్కక మునుపు పెరట్లో ఒక ఆట, చల్లపడ్డాక మంద దగ్గర ఒక పాఠం పెట్టుకోండి. తొమ్మిది దాటాక అన్నది చలికాలపు మాట. మధ్యాహ్నం బోదె గట్టున తడి మట్టిలో జోనంగి తనంతట తాను గుంత తవ్వుకుని పడుకుంటుంది. దాన్ని లేపకండి.